కుక్క కంట్లో పురుగు కనిపిస్తే: మొదటి గంట నుంచి 40వ రోజు దాకా ఏం చేయాలి

“మా కుక్క కంటి మూల తెల్ల దారంలాంటిది మెదులుతోంది. పట్టకారుతో లాగేయమంటారా?” కుక్కల్ని పెంచేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఫోటో కూడా పంపుతారు. ఫోటోలో తడి తప్ప ఏమీ కనిపించదు, అడిగేవాళ్ల టెన్షన్ మాత్రం బాగా తెలుస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకే జవాబు: లాగొద్దు. భయపడాల్సిన పని కూడా లేదు. వేళకు గుర్తిస్తే పూర్తిగా నయమయ్యే జబ్బు ఇది. నేను చూసినంతలో కుక్కలు ఎక్కువగా బాధపడింది ఆలస్యం వల్ల, తప్పు మందుల వల్ల. కంటి కలక అనుకుని నెలల తరబడి చుక్కలు వేస్తూ పోతారు, రెప్ప ఎత్తి చూసేవాళ్లు ఉండరు.

ఏమిటీ పురుగు

దీని పేరు థెలాజియా. పాలతెలుపు రంగులో, సన్నని దారంలా ఉంటుంది. ఆడది 12 నుంచి 18 మిల్లీమీటర్లు, మగది అంతకంటే పొట్టి. కంటిగుడ్డు లోపల కాదు, పైన, రెప్పల మాటున కన్నీటి తడిలో బతుకుతుంది. దాని ఒంటి మీద అడ్డంగా సన్నని గరుకు గీతలుంటాయి. అది కదిలినప్పుడల్లా ఆ గీతలు కంటి పైపొరను గీరుతాయి. నీరు కారడం, ఎరుపు, పుసి అన్నీ ఆ ఒరిపిడి వల్లే.

ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు నేరుగా అంటదు. కన్నీళ్లు తాగడానికి కళ్ల మీద వాలే చిన్న ఈగలు దీన్ని మోస్తాయి. ఈగ వాలినప్పుడు దాని మూతి నుంచి పిల్ల పురుగులు కంట్లోకి దిగుతాయి. అవి పెద్దవి కావడానికి దాదాపు 5 వారాలు పడుతుంది. పెద్దవి మళ్లీ కన్నీళ్లలోకి పిల్లల్ని వదులుతాయి, ఇంకో ఈగ వాటిని తాగుతుంది, 2–3 వారాల తర్వాత మరో కంటి మీద వాలుతుంది. ఆ 5 వారాల లెక్క గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

కుక్కల్లో ఎక్కువగా కనిపించే జాతిని 1910లో రైయే, ఆన్రీ అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు వర్ణించారు. వాళ్లకు అందిన పురుగులు పంజాబ్‌లో ఒక కుక్క కంట్లోంచి తీసినవి. చాలాకాలం ఇది ఆసియా జబ్బు అనే అనుకున్నారు. 1989లో ఇటలీలో బయటపడింది, తర్వాత యూరప్‌లో చాలా దేశాలకు పాకింది. 2020లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుక్క కంట్లోనూ దొరికింది. అందుకే “మా వైపు ఇలాంటివి ఉండవు” అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను.

ఎప్పుడు అనుమానించాలి

- ఒక కన్నే ఎక్కువగా కారుతోంది, లేదా ముందు ఒకటి, తర్వాత రెండోది.
- కుక్క ముందుకాలితో కన్ను రుద్దుకుంటోంది, మొహాన్ని నేలకేసి రాస్తోంది.
- కన్ను చికిలిస్తోంది, వెలుతురు చూడలేకపోతోంది.
- పుసి తుడిచిన అరగంటకే మళ్లీ చేరుతోంది.
- యాంటీబయాటిక్ చుక్కలు వేసినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెడుతోంది.

నా దృష్టిలో ఆఖరిదే అన్నిటికంటే గట్టి గుర్తు. రెండు వారాల చుక్కలకు లొంగని ఏ కలకనైనా, మూడో రెప్ప ఎత్తి చూడకుండా వదలకూడదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కుక్కను పట్టుకోవడానికి దానికి అలవాటైన ఇంకో మనిషి. ఇది తప్పనిసరి.
- మెత్తటి వెలుతురు ఇచ్చే టార్చ్. ఫోన్ లైటు మరీ తీక్షణంగా ఉంటే మీద పల్చటి తెల్ల గుడ్డ వేయండి.
- 0.9 శాతం నార్మల్ సెలైన్, కొత్తగా తెరిచిన బాటిల్.
- సూది తీసేసిన 10 లేదా 20 మిల్లీలీటర్ల సిరంజి.
- శుభ్రమైన గాజుగుడ్డ ముక్కలు. దూది వద్దు, దాని పోగులు కంట్లో అంటుకుంటాయి, తర్వాత వాటినే పురుగులనుకుంటారు.
- మూత గట్టిగా పడే చిన్న సీసా.
- కుక్క మెడకు వేసే కోన్ కాలర్.
- వీడియో తీయడానికి ఫోన్, తేదీలు రాసుకోవడానికి ఒక కాగితం.

పట్టకారు ఈ జాబితాలో లేదు. మర్చిపోయి వదిలేసింది కాదు.

1. ముట్టుకోకముందే వీడియో తీయండి

పురుగు వెలుతురు పడగానే రెప్ప కిందికి జారిపోతుంది. క్లినిక్‌కి వెళ్లేసరికి కన్ను మామూలుగా కనిపించవచ్చు, “ఏమీ లేదు, ఎలర్జీ” అనిపించుకుని తిరిగి రావచ్చు. పది సెకన్ల వీడియో ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. ఫోటో కంటే వీడియో మేలు, ఎందుకంటే మనం చూపించాల్సింది కదలికను.

2. ఇంట్లో చేయకూడని కన్ను ఏదో తేల్చుకోండి

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా తర్వాతి మెట్లు మీకు కావు. కోన్ వేసి, కన్ను ముట్టుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

- నల్లగుడ్డు మీద మసక, నీలం–తెలుపు మచ్చ, గుంట, లేదా పైకి పాకుతున్న సన్నని రక్తనాళాలు.
- కన్ను బిగించి మూసుకోవడం, తెరవబోతే అరవడం, కరవబోవడం.
- రక్తం, పచ్చటి చీము.
- రెండు కంటిపాపల సైజుల్లో తేడా.
- పురుగు కంటి పైన కాకుండా, గుడ్డు లోపల నీళ్లలో ఈదుతున్నట్టు కనిపించడం.

ఈ ఆఖరిది బాగా చూడండి. కంటి పైన ఉన్న పురుగు రెప్ప ఆర్పినప్పుడు చోటు మారుతుంది, రెప్ప అంచు కిందికి దూరుతుంది. లోపలిది రెప్పతో సంబంధం లేకుండా, నల్లగుడ్డు అద్దం వెనకాల మెలికలు తిరుగుతుంది. అది థెలాజియా కాదు. ఎక్కువసార్లు దారి తప్పి వచ్చిన గుండె పురుగు అయి ఉంటుంది. దానికి కంటి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. పురుగును చంపే మందు ముందే వేస్తే, చచ్చిన పురుగు వల్ల కంటి లోపల తీవ్రమైన వాపు రావచ్చు. కాబట్టి ఇంట్లో మిగిలి ఉన్న ఏ మాత్రా ఇవ్వకండి.

తెల్లగుడ్డు మీద పల్చటి పొర కింద మెలిక తిరిగిన దారంలా, లేదా చిన్న గడ్డలా కనిపించినా ఇంతే. అవి వేరే జాతి పురుగులు. కడిగితే రావు.

3. కుక్కను కుదురుగా పట్టుకోండి

కుక్కను కూర్చోబెట్టి, వెనక భాగం గోడకు లేదా మనిషి ఒడికి ఆనేలా ఉంచండి. పట్టుకునే మనిషి ఒక చెయ్యి ఛాతీ చుట్టూ, ఇంకో చెయ్యి గడ్డం కింద పెట్టాలి. మెడ బిగించకూడదు. మెడ మీద ఒత్తిడి కంటి లోపలి ఒత్తిడినీ పెంచుతుంది. గొంతుకు పట్టీ ఉంటే వదులు చేయండి. బాగా గింజుకుంటుంటే అక్కడితో ఆపేయండి. ఇంట్లో సగంలో ఆపడం వల్ల నష్టం ఏమీ లేదు, డాక్టర్ దగ్గర మత్తు చుక్కలతో ఇదే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్లు కత్తిరించుకుని ఉండాలి.

4. మూడో రెప్ప చూడండి

కుక్కకు పై రెప్ప, కింది రెప్ప కాక, ముక్కు వైపు మూల నుంచి అడ్డంగా వచ్చే గులాబీ రంగు పొర ఒకటి ఉంటుంది. అదే మూడో రెప్ప. పురుగులు దాగేది ఎక్కువగా దాని వెనకే.

ముందు బొటనవేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగి, ఆ గాడిలో చూడండి. తర్వాత మూసిన పై రెప్ప మీద వేలి కొసతో, పండిన టమాటాను తాకినంత మెత్తగా ఆనించండి. మూడో రెప్ప తనంతట తాను పైకి జారి వస్తుంది. 2వ మెట్టులో చెప్పిన గుర్తులున్న కంటి మీద మాత్రం ఇది అస్సలు చేయకండి. పుండు పడి పల్చబడిన నల్లగుడ్డు ఆ కాస్త ఒత్తిడికి కూడా చిరిగిపోవచ్చు.

టార్చ్ పక్క నుంచి వేయండి, ఎదురుగా వద్దు. మొదట ఏమీ కనిపించదు. తడిగా మెరిసే గులాబీ రంగు, దాని మీద రెండు మూడు తెల్లటి తడి గీతలు, అంతే. చూపు తిప్పకుండా ముప్పై సెకన్లు ఉండండి. ఆ గీతల్లో ఒకటి మెల్లగా వంగి, పాములా మెలిక తిరిగి, కొస పైకెత్తుతుంది. మిగతా గీతలు అలాగే ఉంటాయి. అవి పుసి, ఇది పురుగు. నేను మొదటిసారి చూసినప్పుడు పక్కనున్న పుసి దారాన్నే పురుగనుకుని, అసలు పురుగును వదిలేశాను. రెప్ప ఆర్పే దాకా కాకుండా ఆ ముప్పై సెకన్లూ చూడమని చెప్పేది అందుకే.

తేడా పట్టడానికి ఇంకో దారి ఉంది. బయటికి వచ్చినదాన్ని నల్లటి పళ్లెంలో సెలైన్ చుక్కలో వేయండి. పురుగైతే దారంలా గట్టిగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది, బతికి ఉంటే ముడుచుకుంటుంది. పుసి అయితే సాగుతుంది, తెగుతుంది, నీళ్లలో చెదిరిపోతుంది. వెంట్రుక అయితే కదలదు.

ఒక కంట్లో చూసినా, రెండో కన్ను కూడా తప్పకుండా చూడండి. కారని కంట్లోనూ ఉండవచ్చు.

5. సెలైన్‌తో కడగండి

కన్ను హాయిగా తెరుస్తోంది, నల్లగుడ్డు అద్దంలా మెరుస్తోంది, డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ మూడూ కుదిరితేనే ఈ మెట్టు. డాక్టర్ అరగంటలో దొరికితే దీన్ని దాటేయండి.

సెలైన్ బాటిల్‌ను కాసేపు అరచేతుల మధ్య పట్టుకుంటే చల్లదనం పోతుంది. కుక్క తలను కడిగే కన్ను కిందికి వచ్చేలా కొంచెం పక్కకు వంచండి. ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకు, మెల్లని ధారగా సిరంజితో వదలండి. ధార కింది రెప్ప గాడిలో పడాలి, నల్లగుడ్డు మీద నేరుగా పడకూడదు. సిరంజి కొస కంటికి రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఒక కంటికి 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. చెంప కింద గాజుగుడ్డ పట్టుకుంటే కొట్టుకొచ్చిన పురుగు దాని మీదే ఆగుతుంది.

చెంప మీదికి, రెప్ప బయటికి వచ్చేసిన పురుగును తడి గాజుగుడ్డతో తీయవచ్చు. గుడ్డుకు ఆనుకుని ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. రాకపోతే వదిలేయండి. రెండోసారి ధార పెంచి కొట్టకండి.

ఏం వాడకూడదో కూడా చెప్పాలి. కుళాయి నీళ్లు, ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్లు, కాంటాక్ట్ లెన్స్ కడిగే ద్రావణం, ఆకుల పసర్లు, తేనె, నూనెలు. వీటిలో ఏదీ కంట్లో పోయకండి. “మంటకు పురుగే బయటికి వచ్చేస్తుంది” అని చెప్పేవాళ్లుంటారు. మంట పురుగు కంటే ముందు కంటికి తగులుతుంది.

పట్టకారు ఎందుకు వద్దంటున్నానో ఇక్కడే అర్థమవుతుంది. పురుగు తడి మీద జారుతుంది. మత్తు లేని కుక్క, పట్టకారు కొస తగిలీ తగలగానే తల విదిలిస్తుంది. ఆ అర సెకనులో నల్లగుడ్డు మీద గీత పడుతుంది. పురుగు పెట్టిన గీరుళ్లు వారాల్లో మానతాయి, లోహం చేసిన లోతైన గీత మచ్చగా మిగిలిపోవచ్చు.

6. పురుగును పారేయకండి

దొరికిన పురుగును సీసాలో 70 శాతం ఆల్కహాల్ పోసి అందులో వేయండి. అది లేకపోతే ఆ రోజుకు సెలైన్‌లోనైనా ఉంచండి. మూత మీద తేదీ, ఏ కన్ను, ఎన్ని అనేవి రాయండి. జాతిని బట్టి నివారణ మారుతుంది, అందుకే డాక్టర్‌కు ఇది పనికొస్తుంది. గుడ్డకు అంటించి ఎండబెట్టి తెస్తే గుర్తుపట్టడం కష్టం.

తర్వాత కోన్ వేసేయండి. కుక్క ఎంత ఏడ్చినా తీయకండి. పురుగు చేసిన గాయం కంటే, గోటితో తాను చేసుకునే గాయమే పెద్దదవుతుంది.

7. డాక్టర్ దగ్గర నాలుగు విషయాలు అడగండి

అడగడం అంటే ఆయన్ని అనుమానించడం కాదు. కంటి కలక రోజూ చూసేది, కంటి పురుగు ఎప్పుడో గానీ చూడనిది. మీరు గుర్తు చేస్తే వెతుకుతారు.

మొదటిది, “మత్తు చుక్కలు వేసి మూడో రెప్ప వెనక చూస్తారా?” చుక్కలు వేశాక రెప్పను ఎత్తి, కనిపించినవాటిని మెత్తటి ఫోర్సెప్స్‌తో ఏరి, సెలైన్‌తో బాగా కడుగుతారు. ఒకటి కనిపించిన కంట్లో పది ఉండొచ్చు. మరీ గింజుకునే కుక్కకు కాస్త నిద్రమత్తు ఇస్తారు.

రెండోది, “ఫ్లోరెసిన్ పరీక్ష చేశారా?” నారింజ రంగు పట్టీని తడిపి కంటికి ఆనిస్తారు. నీలి వెలుతురులో పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ పరీక్ష కాకుండా స్టెరాయిడ్ ఉన్న చుక్కలు వేయకూడదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే, దీన్నే గుర్తుంచుకోండి. స్టెరాయిడ్‌తో ఎరుపు ఒక్క రోజులో తగ్గుతుంది, అందరికీ సంతోషంగా ఉంటుంది, కానీ లోపల పుండు మానకపోగా కరుగుతూ లోతవుతుంది. చూపు పోయే దారి అదే. మందుల డబ్బాలో మిగిలిన పాత చుక్కల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్ అనే పేర్లుంటే అవి స్టెరాయిడ్లు.

మూడోది, “గుండె పురుగుకు రక్త పరీక్ష కావాలా?” దోమల ద్వారా గుండె పురుగు వచ్చే ప్రాంతాల్లో ఇది ముఖ్యం. రక్తంలో దాని పిల్లలు బాగా ఉన్న కుక్కకు, కంటి పురుగు కోసం 8వ మెట్టులో చెప్పే తరగతి మందులు ఇస్తే రియాక్షన్ రావచ్చు.

నాలుగోది, కన్నీళ్లు తక్కువగా ఊరుతున్నాయేమో చూడమనండి. పురుగు దొరకని పక్షంలో ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. కన్ను ఎండిపోయే జబ్బులోనూ జిగురు పుసి ఇలాగే దారాలు కడుతుంది. చిన్న కాగితం పట్టీని కింది రెప్పలో నిమిషం పాటు పెట్టి కొలుస్తారు. 15 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ తడిస్తే మామూలు.

8. మందు

చేత్తో తీయడంతో పని అయిపోదు. కంటికి కనిపించని చిన్నవి మిగిలే ఉంటాయి. వాటి కోసం ఒంటికి మందు కావాలి. ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఒకటి మిల్బెమైసిన్ ఆక్సిమ్ మాత్ర. కుక్క బరువులో కిలోకు కనీసం 0.5 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, ఎక్కువగా వారం తర్వాత మళ్లీ ఇస్తారు. రెండో డోసు ఎగ్గొట్టడం చాలామంది చేసే పొరపాటు. మొదటి మాత్రకే కన్ను బాగుపడినట్టు కనిపిస్తుంది, కానీ కొన్ని పురుగులు రెండోదానికి గానీ చావవు.

రెండోది మెడ వెనక చర్మం మీద పోసే ఇమిడాక్లోప్రిడ్–మోక్సిడెక్టిన్ మందు. వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పడేలా పోయాలి, బొచ్చు మీద కాదు. కుక్క గానీ, ఇంట్లో ఉన్న ఇంకో కుక్క గానీ, పిల్లి గానీ దాన్ని నాకకూడదు. 7 వారాల లోపు కూనలకు వాడకూడదు. కుక్కల ప్యాకెట్‌ను పిల్లికి వాడకూడదు.

ఇక ఐవర్‌మెక్టిన్. పశువులకు వాడే ఇంజెక్షన్ సులువుగా దొరుకుతుంది కాబట్టి, “అరసీసీ పొడిచేయండి” అనే సలహా గట్టిగానే వినిపిస్తుంది. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి జాతుల్లో, వాటి సంకరాల్లో ఒక జన్యు లోపం ఉండవచ్చు. ఆ లోపం ఉంటే మందు మెదడులోకి చేరి కుక్క తూలిపోతుంది, కోమాలోకి కూడా పోవచ్చు. సంకర జాతి కుక్క తల్లిదండ్రులు ఎవరో మనకు తెలియదు. పశువుల మందు గాఢత కుక్కకు సరిపోయేది కాదు, కొలతలో చిన్న తప్పు పెద్ద డోసు అవుతుంది. మంచి మందులు రెండు ఉండగా దీని జోలికి ఇంట్లో వెళ్లకండి.

పేగుల పురుగులకు వేసే పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ మాత్రల వల్ల కంటి పురుగు పోదు. “మొన్ననే పురుగుల మందు వేశాం కదా” అన్నప్పుడు ఏ మందు వేశారో పేరు చూసుకోండి.

కంటి చుక్కలు డాక్టర్ రాసినవే వేయండి. రెండు రకాలుంటే మధ్యలో 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి, లేదంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చుక్కలు ముందు, ఆయింట్‌మెంట్ తర్వాత. సీసా కొస రెప్పకు తగలనివ్వకండి.

9. తగ్గిందో లేదో ఇలా చూడండి

మనసుకు తగ్గినట్టు అనిపించడం వేరు, తగ్గడం వేరు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే వెలుతురులో రెండు కళ్లూ వీడియో తీయండి.

మొదటి 3 రోజులు: చికిలించడం తగ్గాలి. చచ్చిన పురుగులు పుసితో పాటు కంటి మూలకు రావచ్చు, వాటికి భయపడకండి, లెక్క రాసుకోండి. ఈ 3 రోజుల్లో నొప్పి పెరిగితే, మసక వస్తే, చెప్పిన తేదీ దాకా ఆగకుండా తీసుకెళ్లండి.

7వ రోజు: నీరు కారడం సగానికి పైగా తగ్గాలి. మాత్ర రెండో డోసు అనుకున్నట్టయితే అది ఇవ్వాల్సింది ఇప్పుడే. పుండు ఉన్న కుక్కకు డాక్టర్ చెప్పినట్టు ఇంకా ముందే ఫ్లోరెసిన్ పరీక్ష మళ్లీ చేయించాలి.

14వ రోజు: మూడో రెప్ప వెనక మళ్లీ చూపించండి. ఆ పొర లోపలి వైపు చిన్న చిన్న గింజల్లా ఉబ్బి ఉండవచ్చు. చాలాకాలం ఒరిపిడి పడ్డ కంట్లో ఆ గింజలు వెంటనే పోవు. వాటిని పురుగు గుడ్లనుకుని గాబరా పడినవాళ్లను చూశాను. థెలాజియా కంట్లో గుడ్లు అంటించదు, నేరుగా పిల్లల్నే వదులుతుంది.

40వ రోజు: మొదట చెప్పిన 5 వారాల లెక్క ఇక్కడ పనికొస్తుంది. మొదటి రోజు కంటికి ఆనని పిల్ల పురుగు ఏదైనా మందుకు తప్పించుకుని ఉంటే, ఈపాటికి పెద్దదై కనిపిస్తుంది. కన్ను ఎంత శుభ్రంగా ఉన్నా ఈ రోజు చూపించడం మానకండి. చాలామంది 14వ రోజుతోనే ఆగిపోతారు, రెండు నెలల తర్వాత “మళ్లీ వచ్చింది” అంటారు.

10. ఇంట్లో మిగతావాళ్లు, ఈగలు

ఇంట్లో ఉన్న మిగతా కుక్కల కళ్లు, పిల్లుల కళ్లు అదే వారంలో చూడండి. ఇది పిల్లులకూ వస్తుంది. అరుదుగా మనుషులకూ వస్తుంది, అదీ ఈగ ద్వారానే. కుక్కను ముద్దు చేస్తే, పుసి తుడిస్తే రాదు. అయినా తుడిచాక చేతులు కడుక్కోండి. ఇంట్లో ఎవరి కన్నైనా దారం మెదిలినట్టు దురద పెడుతుంటే, కంటి డాక్టర్‌కు కుక్క సంగతి కూడా చెప్పండి.

ఈ పురుగును మోసే ఈగల్లో ముఖ్యమైనది ఫోర్టికా. అది ఇంట్లో తిరిగే ఈగ కాదు, పండ్ల మీద ముసిరే బుల్లి ఈగల కుటుంబానిది. చెట్లు గుబురుగా ఉన్నచోట, 20–25 డిగ్రీల వేడి, గాలిలో తేమ ఉన్న రోజుల్లో చురుగ్గా తిరుగుతుంది. ఆ కాలంలో అలాంటి చోట్లకు షికారు తగ్గించండి. కళ్ల చుట్టూ తడి, పుసి ఎప్పటికప్పుడు తుడుస్తుంటే ఈగ వాలడానికి కారణమే తగ్గుతుంది. కళ్ల మీద పడే బొచ్చు కత్తిరించండి.

ఈగల్ని తరిమే స్ప్రేలు కంటి దగ్గర కొట్టకండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందులు పిల్లులకు ప్రాణాంతకం, పిల్లి ఉన్న ఇంట్లో డాక్టర్‌ను అడగకుండా అసలు తేవద్దు. ఈ పురుగు ఉన్న ప్రాంతంలో ఉంటే, ఈగలు తిరిగే నెలలంతా మిల్బెమైసిన్ గానీ మోక్సిడెక్టిన్ గానీ నెలనెలా వేయించడమే నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి. స్ప్రేల మీద పెట్టే ఆశ దీని మీద పెట్టండి.

40వ రోజు తర్వాత మళ్లీ కనిపిస్తే

కాగితం తీయండి. 14వ, 40వ రోజుల్లో కన్ను శుభ్రంగా ఉండి, ఆ తర్వాత వచ్చిందంటే ఎక్కువ భాగం కొత్తగా ఈగ తెచ్చిందే. మందు పనిచేయలేదనుకుని డోసు పెంచకండి, నెలవారీ నివారణ మొదలుపెట్టారో లేదో చూసుకోండి. 14వ రోజు నుంచే తేడాగా ఉంటే పాతదే మిగిలింది. రెండో డోసు పడిందా, మెడ మీద మందు వేశాక రెండు రోజుల్లోపు స్నానం చేయించారా, మాత్ర వేశాక కుక్క కక్కేసిందా అని గుర్తు చేసుకుని, ఆ వివరాలతో సహా డాక్టర్‌కు చెప్పండి. సీసాలో దాచిన మొదటి పురుగును, కొత్తదాన్నీ పక్కపక్కనే తీసుకెళ్లండి.